మిరుగం నాటి ఏకాశి

నా చిన్నప్పుడు మా వాడకట్టు మొత్తంలో క్యాలెండర్ చదవగలిగింది నేనొక్కదాన్నే. శామీర్‌పేట చెరువును నమ్ముకుని బతికే చేపలవాళ్ల ఇళ్లు ఇరవై పైచిలుకు ఉండేవి మా వాడలో. మగవాళ్లు వలలు వేసేవారు, ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముకొచ్చేవారు. బడికి పోయే పిల్లలు కొందరున్నా, మూడో తరగతికి వచ్చేసరికి వలల దగ్గరో చంటిపిల్లల దగ్గరో వాళ్ల అవసరం పడేది. అయిదో తరగతి దాకా నెట్టుకొచ్చింది నేనే. మేడ్చల్‌లో కిరాణా దుకాణం సేటు ఏటా మా నాయినకు ఒక తెలుగు క్యాలెండర్ ఇచ్చేవాడు. తేదీలు పెద్దవిగా, వాటి కింద తిథి, నక్షత్రం, వర్జ్యం చీమ తలకాయలంత అక్షరాల్లో ఉండేవి. మా ఇంటి దర్వాజ పక్కన మేకుకు అది వేలాడేది. దాని మీద పెత్తనమంతా నాది.

అమాస ఎన్నడు, పున్నమి ఎన్నడు, బోనాలు ఏ వారంలో పడ్డాయి, పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే రోజు ఏది, పిల్లవాడి పుట్టెంట్రుకలు తీయించడానికి ఏ రోజు మంచిది, ఇలా ఏ సందేహం వచ్చినా వాడకట్టు ఆడవాళ్లు మా గుమ్మంలోకే వచ్చేవారు. అడగగానే చెబితే విలువేముంటుంది? ముందు చేతులు కడుక్కునేదాన్ని. పీట జరుపుకుని ఎక్కేదాన్ని. ఒక్కో గడి మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మధ్యమధ్య కనుబొమలు ముడుస్తూ, ఏదో లోతైన సంగతి తవ్వి తీస్తున్నట్టు చాలాసేపు నిలబడేదాన్ని. పాపం, వాళ్లు ఎండలో గంపలు దించుకుని ఎదురుచూసేవారు. పదేళ్ల పిల్లకు అంత పెద్దరికం దొరికితే తలకెక్కకుండా ఉంటుందా? నాకు బాగానే ఎక్కింది.

అందరికంటే ఎక్కువగా అడిగేది మా అవ్వ, అంటే మా నాయిన తల్లి. ఆమెకు అక్షరం ముక్క రాదు, ఎక్కడికి పోయినా వేలిముద్రే. పక్షానికి ఒకసారి, పొద్దుగూకే వేళ, వాకిట్లో కూర్చుని, "బిడ్డా, ఏకాశి ఎన్నడొస్తది? జర సూడు" అనేది. ఏకాదశిని మా వాళ్లంతా అలాగే అనేవారు. నేను రోజు చెప్పాక ఊరుకునేది కాదు, అక్కడ ఏమేం రాసి ఉందో మొత్తం చదవమనేది. తిథి, వారం, నక్షత్రం, అది ఎన్ని గంటల వరకు ఉంటుందో, అంతా గొంతెత్తి చదివేదాన్ని. ఆమె చేతిలో పని ఆపి, తల కొంచెం పక్కకు వంచి వినేది. నా చదువు లేకపోతే మా అవ్వకు రోజు గడవదని నేను గట్టిగా నమ్మేదాన్ని.

మా ఇంట్లోకి ఏకాశి వచ్చింది నాకు పదేళ్లున్న ఆ ఏడు చలికాలంలోనే. చేపలు సరిగా పడని రోజుల్లో మా చిన్నాయిన ఇళ్లకు సున్నం వేసే కూలికి పోయేవాడు. పేట్ బషీరాబాద్‌లో ఒక పెళ్లివారి ఇంటికి సున్నం వేస్తుండగా నిచ్చెన మీది డబ్బా ఒరిగి, ఉన్నదంతా ఆయన ముఖాన పడింది. పట్నంలో పెద్ద దవాఖానలో నెలకు పైగా ఉంచుకుని, రెండు కళ్లకూ పట్టీలు కట్టి ఇంటికి పంపారు. వానలు మొదలయ్యే రోజుల్లో మళ్లీ తీసుకురమ్మన్నారు. పట్టీలు విప్పి చూశాకే చూపు సంగతి చెప్పగలమన్నారు. చిన్నాయినకు అప్పటికి ఇరవై రెండో ఇరవై మూడో. నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెరువులో ఈత నేర్పిన మనిషి, గోడకు ఆనుకుని కూర్చుని, చేతులతో తడుముకుంటూ చిరిగిన వలలు బాగుచేసేవాడు. అడుగుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పేసేవాడు. నేను వస్తే మాత్రం కావాలని వేరే ఎవరి పేరో చెప్పి ఏడిపించేవాడు.

ఆయన రెండు కళ్లకూ చూపు వచ్చేదాకా ప్రతి ఏకాశికీ ఒక్కపొద్దు ఉంటానని అవ్వ మొక్కుకుంది. ఒక్కపొద్దు అంటే చాలామంది ఒక పూట తింటారు. మా అవ్వ ఆ రోజంతా మంచినీళ్లే తాగేది. మర్నాడు పొద్దున తలకు పోసుకుని, దీపం పెట్టి, ఆ తర్వాతే మెతుకు ముట్టేది. అంతేకాదు, ఏకాశి నాడు ఆమె చేపను తాకేది కాదు, గంప ఎత్తేది కాదు, ఇంట్లో నీసు వండనిచ్చేది కాదు. చేపలమ్ముకునే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. మా అమ్మ లోలోపల విసుక్కునేది కానీ, గోడ దగ్గర కూర్చున్న మరిదిని చూసి నోరెత్తేది కాదు.

ఇలా నెలలు గడిచి మిరుగం దగ్గరపడింది. మృగశిర కార్తె వచ్చిన రోజును మా వైపు మిరుగం అంటాం. ఆ రోజు చేప తినని ఇల్లు ఉండదు. ఏడాది పొడవునా చేప వాసనకు ముక్కు మూసుకునేవాళ్లు కూడా మిరుగం నాడు సంచీ పట్టుకుని వస్తారు. మాకు అది పండుగను మించిన పండుగ. ఆ ఏడు మిరుగానికి మేడ్చల్ అంగడికి నన్ను వెంట తీసుకుపోతానని అవ్వ ఉగాది నాడే మాటిచ్చింది. అమ్మకం అయ్యాక ఎర్ర గాజులు కొనిస్తానంది. రాత్రికి పచ్చి మామిడికాయ వేసి కొర్రమట్ట పులుసు పెడతానంది. అవ్వ పెట్టే పులుసు మా వాడలోనే పేరు పడ్డది. నేను ఈ మూడు సంగతులూ బడిలో చెప్పని పిల్ల లేదు.

మిరుగం ఇంకా మూడు రోజులుందనగా, నా అంతట నేనే పీట ఎక్కి క్యాలెండర్ చూశాను. తేదీ కింద మృగశిర కార్తె అని ఉంది. దాని పక్కనే ఏకాదశి అని ఉంది. ఎన్నిసార్లు చూసినా ఆ రెండూ ఒకే గడిలో ఉన్నాయి.

అంటే అవ్వ గంప ఎత్తదు. మేడ్చల్ లేదు, గాజులు లేవు, పులుసు లేదు. ఊరంతా చేపలు తింటుంటే మా ఇంట్లో మాత్రం పచ్చిపులుసు పోసుకుని తినాలి. బడిలో పిల్లలు ఏమంటారోనన్న బెంగ అన్నిటికంటే ఎక్కువగా ఉండింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. దేవుడి మీద, క్యాలెండర్ మీద, చిన్నాయిన పట్టీల మీద కూడా వచ్చిందేమో. ఇది రాయడానికి ఈ వయసులోనూ నాకు చేయి ఆడటం లేదు.

ఆ సాయంత్రం అవ్వ వాకిట్లో బియ్యం ఏరుతూ ఎప్పటిలాగే అడిగింది. నేను ఎప్పటిలాగే చేతులు కడుక్కుని, పీట ఎక్కి, వేలు పెట్టి, "మిరుగం నాడు దశమి అవ్వా. తెల్లారి ఏకాశి" అన్నాను. చాలా సులభంగా వచ్చేసింది ఆ మాట. నా నోటికి అంత అలవాటున్నట్టు నాకే తెలియదు.

అవ్వ తలెత్తి పైకి చూసింది. మబ్బు పట్టిందేమోనని చూస్తోందనుకున్నాను. తర్వాత నా వైపు చూసి, "మల్లొక్కపారి సూడు బిడ్డా" అంది, మెల్లగా.

నేను మళ్లీ క్యాలెండర్ వైపు తిరిగాను. ఏకాదశి అన్న అక్షరాలు నా ముక్కుకు జానెడు దూరంలో ఉన్నాయి. వాటిని చూడకుండా, పక్కనున్న మేకును చూస్తూ, మనసులో పది అంకెలు లెక్కపెట్టాను. తర్వాత అన్నాను, "దశమే అవ్వా. మంచిగనే సూసిన."

"సరే తియ్యి. నువ్వు సూసినంక ఇగ నేనేం జెప్త" అని అవ్వ మళ్లీ బియ్యం ఏరుకుంది. ఆ రోజు మొత్తం చదవమని మాత్రం అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

మిరుగం నాడు తెల్లవారకముందే నాయిన వల తీసి వచ్చాడు. గంప నిండా బొచ్చె చేపలు, పైన తడి గోనె కింద కొర్రమట్టలు కదులుతున్నాయి. అవ్వ తలకు పోసుకుని వచ్చి, గంప ముందు కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత కళ్లకద్దుకుని ఎత్తుకుంది. బస్సు మీద గంప వేయించి, మేడ్చల్‌లో దిగి, ఎప్పుడూ కూర్చునే చోట గోనె పరిచింది. జనం తోసుకుంటూ వచ్చారు. "గిది పొద్దున పట్టిందేనా అవ్వా" అని ఒకరు, "జల్దీ ఇయ్యి, పిల్లలు ఎదురుసూస్తున్నరు" అని ఇంకొకరు. నేను నీళ్లు చల్లుతూ, వచ్చినవాళ్లకు చేపల పేర్లు చెబుతూ, నా అంత గొప్పది ఆ అంగడిలో లేదన్నట్టు కూర్చున్నాను. వాన జాడ లేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవ్వ ముఖం వాడిపోయింది. నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. నువ్వూ తినవ్వా అంటే, కడుపు నిండుగా ఉందని, కుండలో నీళ్లు రెండు దోసిళ్లు తాగింది. నాకు అనుమానమే రాలేదు. అనుమానం రావాలంటే ఎదుటి మనిషిని చూడాలి కదా, నేను నా చేతికున్న ఎర్ర గాజులను చూసుకుంటున్నాను.

ఆ సాయంత్రం పులుసు ఉడుకుతుంటే వాడకట్టంతా వాసన పట్టింది. అవ్వ అందరికీ తానే వడ్డించింది. చిన్నాయిన పక్కన కూర్చుని, ముల్లు ముల్లూ ఏరి, ముద్దలు చేసి ఆయన చేతిలో పెట్టింది. "మస్తుగుందమ్మా, నువ్వు గూడ తిను" అని ఆయన రెండుసార్లు అన్నాడు. అమ్మ ఒక గిన్నెలో అవ్వ వంతు అన్నం, కూర పెట్టి పక్కన ఉంచింది. కాళ్లు కడుక్కుని తింటానని అవ్వ బయటికి పోయింది. నేను రెండోసారి పెట్టించుకుని తిని, చేయి కూడా సరిగా కడుక్కోకుండా పడుకున్నాను.

మర్నాడు నేను చెప్పిన ఏకాశి. అవ్వ పొద్దున్నే తలకు పోసుకుని దీపం పెట్టుకుంది. పక్కింటి పెద్దమ్మ సజ్జరొట్టె తెచ్చిస్తే, ఈరోజు ఏకాశి అని వెనక్కి పంపింది. మధ్యాహ్నం దాకా వలలు ఎండబెట్టింది, వాకిలి ఊడ్చింది. నేను బడి నుంచి అన్నానికి ఇంటికి వచ్చాను. అవ్వ నీళ్ల బిందె చంకన పెట్టుకుని గడప ఎక్కబోతూ, ఒక్కసారి గోడను పట్టుకోబోయింది. చేయి అందలేదు. బిందెతో సహా కింద పడిపోయింది.

అమ్మ కేక వేసింది. నలుగురు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి అవ్వను మంచం మీద వేశారు. చిన్నాయిన గోడ పట్టుకుని లేచి, "ఏమైంది, అమ్మకేమైంది" అంటూ చేతులు చాచి గాలిలో వెతుకుతున్నాడు. ఆయనను ఎవరూ పట్టించుకోలేదు. ముఖం మీద నీళ్లు చల్లితే అవ్వ కళ్లు తెరిచింది.

"నిన్న మంచిగ తిన్నది గద, ఒక్క దినం ఒక్కపొద్దుకే గిట్లైతదా?" అంది పక్కింటి పెద్దమ్మ. గంజి కాయడానికి గిన్నె కోసం వంటింట్లోకి పోయిన అమ్మ చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆమె చేతిలో రాత్రి తాను పెట్టిన గిన్నె ఉంది. మూలన బోర్లించిన గంప కింద దొరికిందట. అన్నం అన్నంలాగే ఉంది, కూర కూరలాగే ఉంది, పాచి వాసన కొడుతోంది. పొద్దున్నే కుక్కకు వేద్దామనుకుని అవ్వ మరిచిపోయి ఉంటుంది.

"అత్త రాత్రి తినలే" అంది అమ్మ, నమ్మలేనట్టు. "నిన్న పొద్దుగాల్ల గూడ ఏం తినకనే పోయింది."

అవ్వకు తెలుసు. నిన్ననే ఏకాశి అని తెలుసు. నిన్న తన ఏకాశి ఉంది, ఈరోజు నా ఏకాశి ఉంటోంది. రెండు రోజులు, అంత ఎండలో, గంప మోసుకుంటూ. నా చేతి గాజులు చప్పుడు కాకుండా చేయి వెనక్కి పెట్టుకున్నాను.

పక్కింటి పెద్దమ్మ తెలివైన మనిషి. గిన్నెను చూసి, అవ్వను చూసి, నా వైపు తిరిగింది. "ఏ బిడ్డా, క్యాలెండర్ల నిన్న ఏముండె? మంచిగ సూసినవా?"

అందరి చూపులూ నా మీదికి వచ్చాయి. చిన్నాయిన కూడా నా వైపే ముఖం తిప్పాడు. ఆ తెల్లటి పట్టీల వెనక నుంచి నన్ను చూస్తున్నాడేమో అనిపించింది. నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను, కానీ ఖచ్చితంగా చెప్పలేను. నా నోట్లోంచి మాట రాకముందే మంచం మీది నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"అది మంచిగనే సూసింది. నాకే నిన్న కడుపుల దిప్పినట్టయి తినబుద్ధి గాలే. పోరి మీద పడకుండ్రి."

ఒక్కపొద్దు రోజున మా అవ్వ పరాచికానికి కూడా అబద్ధం ఆడేది కాదు. నా కోసం నిన్న ఆడింది, ఇప్పుడు అందరి ముందూ, మంచం మీద పడుకుని మళ్లీ ఆడింది. ఆ మాటతో అందరూ నా మీది నుంచి చూపు తిప్పుకున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నిలదీసి రెండు దెబ్బలు వేసినా అంత సిగ్గు పడేదాన్ని కాదు. అమ్మ కలిపిచ్చిన గంజి కూడా అవ్వ తాగలేదు. ఏకాశి అని వాడకట్టంతటికీ ఎరుకే కదా, రేపు పొద్దున తాగుతానంది.

పొద్దుగూకే వేళకు అవ్వ మెల్లగా లేచి, నా భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. ఆమె చేయెత్తి చంద్రుణ్ణి చూపించింది. ఇంకా వెలుతురు పోలేదు, తూర్పు వైపు పాలిపోయి ఉన్నాడు.

"సగం సందమామ గీ యాళ్లకు నడినెత్తిన ఉంటే అష్టమి. ఆడికెల్లి రోజింత తూర్పుకు జరుగుతడు. నిన్న గాడ ఉండె, ఇయ్యాల గీడ ఉన్నడు. నువ్వు పీట మీద నిలబడి సూసిన నాడు నా నెత్తి మీదనే ఉండె" అంది. "సెర్వు మీద బతికెటోళ్లం బిడ్డా. ఎన్నెలెన్నడు, సీకటెన్నడు తెల్వకుంటే వలెట్లేస్తం?"

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే, అన్నీ ఎరుకైనప్పుడు ప్రతిసారీ నన్నెందుకు అడుగుతావని అడిగాను. అవ్వ నా ముఖం వైపు చూడలేదు, చంద్రుణ్ణే చూస్తూ అంది.

"నువ్వు సదువుతుంటే ఇనబుద్దైతది. మనింట్ల ఎవ్వరు సదివిండ్రు గన్క?"

మరి కాదని అప్పుడే ఎందుకు అనలేదని నేను అడగలేదు. అడగకుండానే చెప్పింది. తాను కాదంటే, ఇక నేనేం చదివినా వాడకట్టులో ఎవరూ నమ్మరట. ఎవరూ నమ్మకపోతే నేను చదవడం మానేస్తానట. తనకూ మిరుగం నాడు అంగడికి పోవాలనే ఉండిందని, అందుకే తానూ ఊరుకుందని, చేపను ముట్టిన తప్పు తనదేనని అంది. నా తప్పులో సగం తీసి తన ఒళ్లో వేసుకుంటోందని నాకు అప్పుడు అర్థం కాలేదు.

"చిన్నాయిన కండ్లు రావా అవ్వా?" అన్నాను. నన్ను తినేస్తున్నది అదే.

"దేవుడు పిల్లల మాట పట్టుకుంటడా? పట్టుకుంటే నన్ను పట్టుకుంటడు" అని నా తల మీద చేయి వేసింది. మూడో రోజు పొద్దున దీపం పెట్టాక ఆమె నోట్లో మొదటి ముద్ద పెట్టుకునేదాకా నేను గుమ్మంలోనే నిలబడి చూశాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. అవ్వా చెప్పలేదు. పదిహేను రోజుల తర్వాత చిన్నాయినను పట్నం తీసుకుపోయి పట్టీలు విప్పించారు. కుడి కన్ను వచ్చింది. ఎడమ కన్ను రాలేదు. సున్నం ఆ కంట్లోనే ఎక్కువ పడిందని, అది పోయినట్టేనని మొదటి రోజునే నాయినకు డాక్టర్లు చెప్పారట, ఇంట్లో ఆడవాళ్లకు చెప్పలేదట. ఆ సంగతి నాకు తెలిసింది పెళ్లయ్యాక. తెలిసినా లాభం లేకపోయింది. అప్పటికి పదేళ్లుగా ఆ కన్ను నా వల్లే పోయిందని నమ్ముతూ వచ్చాను. అలా పాతుకుపోయిన నమ్మకం డాక్టరు మాటతో ఊడిరాదు.

అవ్వ ఏకాశులు ఆపలేదు. కళ్లు బాగయ్యేదాకా అని కదా మొక్కుకుంది, ఒకటి రానే లేదు. కాబట్టి బతికినన్నాళ్లూ ఉంది. ఆ మిరుగం తర్వాత వచ్చిన ఏకాశికి కూడా, ఏమీ జరగనట్టే, వాకిట్లో కూర్చుని, "బిడ్డా, ఏకాశి ఎన్నడు, జర సూడు" అంది. నేను పీట ఎక్కాను. ఎంత రాసి ఉందో అంతా, అక్షరం విడవకుండా చదివాను. ఆమె ఎప్పటిలాగే తల పక్కకు వంచి వింది. చేతులు కడుక్కునే నా తతంగం, కనుబొమలు ముడిచే నా నటన మాత్రం ఆ రోజుతో పోయాయి.

నేను పదో తరగతి దాటాను, అంగన్‌వాడీలో టీచరుగా చేశాను, రిటైరయ్యాను. ఇప్పుడు కండ్లకోయ దగ్గర కాలనీలో ఉంటున్నాను. పక్క ఫ్లాట్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఆవిడ నిష్ఠగా ఉపవాసాలుంటుంది. "ఏకాదశి రేపా, ఎల్లుండా అండీ? ఫోనులో ఒకటుంది, క్యాలెండర్లో ఒకటుంది, మీరైతే కరెక్టుగా చెబుతారు" అని నన్నే అడుగుతుంది. మీరైతే అన్నప్పుడల్లా నాకు ముఖం చెల్లదు. చూసి చెబుతానని బాల్కనీలోకి పోయి, బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ, ముందు ఆకాశం చూస్తాను.

చిన్నాయిన శామీర్‌పేటలోనే ఉన్నాడు. ఒక కంటితోనే వల వేశాడు, ఒక కంటితోనే ముగ్గురు పిల్లల్ని పెంచాడు. ఎనభై దగ్గరపడ్డా నేను పోతే అడుగుల చప్పుడు విని ఇప్పటికీ వేరే ఎవరి పేరో చెబుతాడు. ప్రతి మిరుగానికీ మరిచిపోకుండా మనవడి బండి మీద నాకు కొర్రమట్టలు పంపుతాడు. నేను మామిడికాయ వేసి, అవ్వ పెట్టినట్టే పులుసు పెడతాను. కొడుకు, కోడలు, మనవరాలు చుట్టూ కూర్చుని తింటారు. నువ్వెందుకు తినవంటే, మిరుగం నాడు నాకు చేప పడదని చెబుతాను. ఇన్నేళ్లుగా ఇంట్లో అందరూ అదే నమ్ముతున్నారు.

సాయంత్రం చిన్నాయిన ఫోను చేస్తాడు. "తిన్నవా బిడ్డా? ఎట్లుండె?" అంటాడు. పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని నోటితో, "తిన్న చిన్నాయినా. మస్తుగుండె" అంటాను.